వాచ్ వార్డులో ఉందట

తెనాలి

1974 ఫిబ్రవరి పదకొండు, సోమవారం, సాయంత్రం ఆరూ ఇరవైకి తెనాలిలో రైలెక్కాను. స్టేషను గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. నా పైటకు పిన్నుతో వేలాడే గడియారం సరిగ్గా ఉంది. ఎదుటి సీటావిడ దాన్ని కాసేపు చూసి, "తలకిందులుగా తగిలించుకున్నారండీ" అంది.

"మీకు తలకిందులు. నాకు కాదు" అన్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఒక చేతిలో రోగి చెయ్యి, రెండో చేతిలో థర్మామీటరు ఉన్నప్పుడు నర్సు తల వంచితే చాలు, టైము కనబడాలని ఈ గడియారాన్ని ఇలా చేశారు. మణికట్టుకు కట్టుకుంటే పట్టీ కింద మురికి చేరుతుందని మా రోజుల్లో వార్డులో ఒప్పుకునేవారు కాదు. నర్సులు, డాక్టర్లు వాడిన ఇలాంటి గడియారాలు నా దగ్గర ఐదున్నాయి. ఒకదాని సెకండ్ల ముల్లు నిమిషాల ముల్లు కంటే పొడవు. ఇంకొకటి రాత్రిపూట కాన్పులకు వెళ్ళే ఒక డాక్టరమ్మది, అంకెలు చీకట్లో పచ్చగా వెలుగుతాయి. వీటిని ఎవరూ దాచుకోరు. మనిషి పోగానే రిపేరు కొట్టుకు వెళ్ళి, చక్రాలుగా విడిపోతాయి. అవి అలా పోకుండా ఆపడమే నా పిచ్చి.

నాకు లేనిదీ, ఎన్నడూ చూడనిదీ ఒకటుంది. నాడి గడియారం. శిక్షణలో ఉన్నప్పుడు మా పెద్ద డాక్టరుగారు దాని గురించి చెప్పారు. మీట నొక్కితే ముల్లు కదులుతుంది. రోగి నాడి ముప్పైసార్లు కొట్టేదాకా లెక్కపెట్టి మళ్ళీ నొక్కితే ఆగుతుంది. ముల్లు ఏ ఎర్ర అంకె మీద ఆగిందో, నిమిషానికి నాడి అంత. గుణకారం లేదు, తప్పు లేదు. ఆయన చెప్పింది నమ్మాను గానీ, అలాంటిది నిజంగా ఉందా అని లోపల ఓ మూల అనుమానం ఉండేది.

పోయిన నెలలో మా తమ్ముడి భార్య సుభద్ర, కొడుకు ప్రసాదు దగ్గరికి వెళ్ళొచ్చింది. ప్రసాదు పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో ఉన్నాడు. "వదినా, ఎర్ర అంకెలు వెనక్కి వెళ్ళే గడియారం కావాలన్నావుగా? అలాంటిది ఒకటి వాడి ఎరికలోనే ఉందట. వాచ్ వార్డులో ఉంది, అత్తయ్యని పంపమన్నాడు. అమ్ముతారట కూడా" అంది.

వార్డు అంటే నాకు ఇంకో అర్థం తెలియదు. ఆ చుట్టుపక్కల వార్డులున్న ఊరు సంగారెడ్డే అయ్యుంటుందని నేనే తీర్మానించేసుకున్నాను.

సంగారెడ్డి

మంగళవారం పొద్దున సికింద్రాబాదులో దిగి, ఇరానీ హోటల్లో ఇరవై పైసలకు చాయ్ తాగాను. కాఫీ ఉందా అని అడిగితే, సర్వరు నన్ను జాలిగా చూశాడు. చాయ్ చిక్కగా ఉంది, ఉప్పు బిస్కట్టుతో బాగుంది. ప్రసాదు సాయంత్రం దాకా డ్యూటీలో ఉంటాడు కదా, ఈలోగా నేనే వెళ్ళి చూసొద్దామని సంగారెడ్డి బస్సెక్కాను.

పటాన్‌చెరు దాటుతుంటే రోడ్డుకు రెండు వైపులా కొత్త రేకుల షెడ్లు, పొగగొట్టాలు. వాటి మధ్య జొన్నచేలు, పసుపుపచ్చని కుసుమ పూలు. మా వైపు కాలవ గట్టున నిలబడితే కనుచూపు మేరా ఒకటే పచ్చదనం. ఇక్కడ ఎర్ర నేల, నల్ల బండ, మధ్యలో ఒక ఫ్యాక్టరీ, మళ్ళీ ఎర్ర నేల.

"ఏడికవ్వా?" అన్నాడు కండక్టరు. మా వైపు తెలియని పెద్దావిడని మామ్మగారూ అంటారు. అవ్వా అంటే మొదట చివుక్కుమంది. రోడ్డెక్కిన ప్రతివాళ్ళూ అదే మాట ఇంత ఆప్యాయంగా అంటుంటే ఎంతసేపని ముడుచుకుంటాం?

"సంగారెడ్డి ఆసుపత్రికి."

"దవాఖాన్కా? పాణం బాగ లేదా?"

"బాగానే ఉంది నాయనా. వాచ్ కోసం."

ఆ మాటే దవాఖానలో కొంప ముంచింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయాకు గొంతు పెద్దది, చెవి చిన్నది.

"వార్డులో వాచ్ ఉందని చెప్పారమ్మా" అన్నాను.

"ఏం వాసింది?"

"వాచ్."

"అదే, ఏం వాసింది? కాలా, మొఖమా?"

"కాలూ కాదు, ముఖమూ కాదు."

"కడుపా? గట్లయితే ఆ లైన్ల కూసో. జల్దీ కూసో, సార్ లేస్తడు మళ్ళ."

కూర్చోవడానికి వేరే చోటు కూడా లేదు. కూర్చున్నాను. పక్కన ఒక ఆవిడ, పాదం ఉబ్బి కుండలా ఉంది. ఊరు హత్నూర అట. నా పాదాలు రెండూ పరీక్షగా చూసి, "నీకేడ వాసిందవ్వా?" అంది.

"నాకెక్కడా వాయలేదమ్మా."

"వాయకుంటే ఎందుకు కూసున్నవ్? లైను పెద్దగైతలేదా?" అంటూనే మూట విప్పి, జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. పైన ఎల్లిపాయ కారం. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, ఆవిడ తన వంతు అలవాటుగా నమిలేసింది. ఆ పాదాన్ని ఎత్తులో పెట్టుకోమని చెప్పి, నా సంచీని దాని కింద పెట్టాను. రొట్టెకు నేను ఇవ్వగలిగింది అదే.

ఎదుటి బల్ల మీద కాలికి సిమెంటు కట్టుతో ఒకతను ఇదంతా వింటున్నాడు. ఏదో ఫ్యాక్టరీలో పనివాడు. "అవ్వా, నీకెవరు చెప్పిండ్రు వాచ్ వార్డుల ఉందని?" అని అడిగాడు.

"మా మేనల్లుడు. పటాన్‌చెరు దగ్గర కంపెనీలో పని."

అతను ఒక్కసారి పగలబడి నవ్వి, కట్టు కాలు కదిలి అమ్మా అన్నాడు. "వాచ్ అండ్ వార్డు అంటే దవాఖాన గాదవ్వా! కంపెనీ గేటు కాడ ఖాకీ బట్టలేస్కొని నిలవడ్తరు సూడు, జేబులు తడిమెటోల్లు, ఆల్ల డిపార్టుమెంటు పేరది. నీ గడియారం గేటు కాడుంది. నువ్వు వాపుల లైన్ల కూసున్నవ్."

వరుసంతా నవ్వింది. వాచిన ముఖాలు కూడా నవ్వాయి. ఆయా నా దగ్గరికి వచ్చి, "ముందుగాల్నే చెప్పొద్దా పెద్దమ్మా" అని నన్నే కోప్పడింది. బస్సు స్టాండుకు వచ్చాక గుర్తుకొచ్చింది, నా నల్లగొడుగు ఆ బల్ల కిందే ఉండిపోయింది. ఎండ మండిపోతోంది. అయినా వెనక్కి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

పటాన్‌చెరు

ప్రసాదు క్వార్టరు రెండు గదులది. వాళ్ళ వరుసంతా మా వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్ళే. పాలు పోసే మనిషి మాత్రం రుద్రారం నుంచి వస్తాడు. రెండేళ్ళలో ఈ ఆడవాళ్ళు అతని దగ్గర "జెర ఆగు", "ఇగ చాలు" నేర్చుకున్నారు. అతను వాళ్ళ దగ్గర "అండీ" నేర్చుకున్నాడు. ఆ రాత్రి ప్రసాదు భార్య, పక్కింటావిడ ఇక్కడి పద్ధతిలో చేసి ఇచ్చిన పచ్చిపులుసు వడ్డించింది. మా ఇంట్లో అయితే అందులో కాల్చిన వంకాయ ఉంటుంది. ఇందులో నువ్వుల పొడి ఉంది. రెండుసార్లు పోయించుకున్నాను.

నా ఆసుపత్రి ప్రయాణం విని ప్రసాదు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి నవ్వి వచ్చాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. కంపెనీ కడుతున్నప్పుడు బయటిదేశం ఇంజనీర్లతో వచ్చిన ఒక డాక్టరు ఆ గడియారాన్ని మరిచిపోయి వెళ్ళాడు. గేటు దగ్గర, దొరికిన వస్తువుల డబ్బాలో పడి ఉండేది. ఈమధ్య కొత్త సెక్యూరిటీ ఆఫీసరుగారు దాన్ని తీసి వాడుతున్నారు. బొంబాయి నుంచి వేరే గడియారం తెప్పిస్తున్నారు కనుక దీన్ని నూట ఇరవై రూపాయలకు ఇస్తామన్నారు.

"గేటు దగ్గర దేనికి వాడతారురా?"

"లారీల స్పీడు చూడ్డానికి అత్తయ్యా."

నాకు బోధపడలేదు. అలసి ఉన్నాను, పడుకున్నాను.

కంపెనీ గేటు

బుధవారం పొద్దున ప్రసాదు నన్ను గేటు గదికి తీసుకెళ్ళాడు. ఆఫీసరుగారు మిలటరీలో చేసి వచ్చిన మనిషి, విజయనగరం వైపు వారు. కుర్చీ తుడిపించి మరీ కూర్చోబెట్టారు. బల్ల సొరుగులోంచి గడియారం తీసి నా అరచేతిలో పెట్టారు.

తెల్లని పింగాణీ ముఖం. చుట్టూ ఎర్ర అంకెలు, రెండువందల దగ్గర మొదలై, నూట యాభై, నూట ఇరవై, వంద, తొంభై అంటూ తగ్గుతూ పోతున్నాయి. కింద చిన్న అక్షరాల వరుస ఒకటి అరిగిపోయి '30' అన్న అంకె మాత్రం మిగిలింది. పక్కన మీట. పెద్ద డాక్టరుగారు చెప్పింది చెప్పినట్టే ఉంది.

"చూశారా అమ్మగారూ, ఎంత బాగా చేశారో!" అన్నారు ఆఫీసరుగారు. "లారీ గేటు దాటగానే మా జమేదారు మీట నొక్కుతాడు. అవతల తూకం కాటా దగ్గర మనిషి ఎర్రజెండా ఊపగానే ఆపుతాడు. త్వరగా వెళ్తే పెద్ద అంకె, నెమ్మదిగా వెళ్తే చిన్న అంకె. స్పీడు లెక్క ఇదే చెప్పేస్తుంది. మా రోడ్డు మీద బోర్డు ముప్పై కిలోమీటర్లు. చూడండి, దీని మీద కూడా ముప్పై అనే రాసుంది!"

ఆయన తప్పు కూడా ఎంత పద్ధతిగా ఉందంటే, నేను ఇంచుమించు ఒప్పేసుకున్నాను.

ఆయన రసీదు రాయడం మొదలుపెట్టారు. కిటికీ బయట గొడవ వినిపించింది. జమేదారు మొగులయ్య, యాదగిరి అనే లారీ డ్రైవరు.

"డెబ్బై రెండా? అన్నా, ఇనుము లోడు మీదున్న నేను! డెబ్బై రెండు పోతే నా బండి ఇరుసు ఇరుగుతది."

"నాకేం ఎర్క? గడియారం చెప్పింది, నేను రాసిన."

"గడియారం నడిపిందా బండి, నేను నడిపిన్నా?"

"మూడు చిట్టీలైనయ్ యాదగిరీ. మొన్న అరవై తొమ్మిది, నిన్న డెబ్బై అయిదు, ఇయ్యాల డెబ్బై రెండు. మూడైతే గేటుపాసు రద్దు. రూలు నేను పెట్టిన్నా?"

"పాసు లేకపోతే సేటు తాళం చెవి గుంజుకుంటడే. మధ్యాహ్నానికి ఇంకోన్ని ఎక్కిస్తనన్నడు. ఏడేండ్ల సంది నడుపుతున్న, ఒక్క కోడిపిల్లనన్న తొక్కిన్నా?"

అరవై తొమ్మిది, డెబ్బై రెండు, డెబ్బై అయిదు. ఎన్ని వేల చార్టుల మీద రాశానో ఆ అంకెలు! రోగి క్షేమంగా ఉన్నాడు, సిస్టర్ ఇక వెళ్ళి టీ తాగవచ్చు అని చెప్పే అంకెలు అవి.

కలం రసీదు సగంలో ఉంది. నా డబ్బు బల్ల మీద ఉంది. సంతకం అయ్యాక చెబుదామా అనిపించింది. అయితే ఒకసారి కొనుక్కున్నాక గడియారం నా సంచీలో ఉంటుంది, చిట్టీలు వాళ్ళ ఫైల్లో ఉంటాయి, నా మాటకు బలమేముంది? రుజువు ఆ బల్ల మీద, వాళ్ళ సొత్తుగా ఉన్నప్పుడే చెప్పాలి. చెబితే ఆ రసీదు పూర్తి కాదని కూడా నాకు తెలుసు. గడియారాన్ని చేతిలో ఒకసారి తిప్పి చూసుకున్నాను.

"ఆ డ్రైవరును లోపలికి పిలుస్తారా?" అన్నాను.

యాదగిరి తువ్వాలు చేతిలో నలుపుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బండలాంటి మనిషి. "చెయ్యి ఇవ్వు నాయనా" అన్నాను. అతను మొగులయ్య వైపు చూశాడు.

"ఇయ్యవయ్యా, గుంజుకుపోదు" అన్నాడు మొగులయ్య.

మణికట్టు పట్టుకుని, మీట నొక్కి, ముప్పై లెక్కపెట్టి ఆపాను. గడియారాన్ని ఆఫీసరుగారి ముందు పెట్టాను. "ఎంతుందండీ?"

"నూట పన్నెండు."

"కదలకుండా నిలబడ్డ మనిషి నూట పన్నెండు వేగంతో పోతున్నాడు. చిట్టీ రాయండి."

నేనే మళ్ళీ అందుకున్నాను. "ఇది లారీల గడియారం కాదండీ. డాక్టర్ల గడియారం. ముప్పై అంటే ముప్పైసార్లు నాడి కొట్టడం. లారీ వేగం దీనికి తెలియదు. మీరు చెయ్యి ఇవ్వండి, మీది చెప్తాను."

ఆయన మిలటరీ మనిషి, వెనకాడలేదు. చొక్కా చెయ్యి మడిచి ముందుకు చాపారు. ముల్లు ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

మొగులయ్య వంగి చూసి, మెల్లగా, "సార్ గూడ ముప్పై దాటిండు" అన్నాడు.

ముందు నవ్వింది ఆఫీసరుగారే. తర్వాత ఆయన ముఖం మారింది. "అయితే ఈ చిట్టీలు?"

అది నేను చెప్పేది కాదు, ప్రసాదు చెప్పాలి. గేటు నుంచి కాటాకు రెండువందల మీటర్లు, ఆ రోడ్డు డ్రాయింగు గీసినవాడు వాడే. ముల్లు డెబ్బై రెండు మీద ఆగాలంటే ఇరవై అయిదు సెకండ్లు పడుతుందని నేను చెప్పాను. వాడు కాగితం మీద వేశాడు. గంటకు ఇరవై తొమ్మిది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అరవై తొమ్మిది ఇంకా తక్కువ. నిన్నటి డెబ్బై అయిదు సరిగ్గా ముప్పై.

"దాటలే" అన్నాడు మొగులయ్య. "అంచు దాక వచ్చి ఆగిండు."

యాదగిరి గోడకు ఆనుకుని, అక్కడే కింద కూర్చున్నాడు. మంచినీళ్ళు తెమ్మన్నాను. తాగాక మళ్ళీ చెయ్యి పట్టి చూశాను. ఎనభై ఎనిమిది. "నీ స్పీడు దిగుతోందిలే" అంటే, అప్పుడు నవ్వాడు.

ఆఫీసరుగారు మంచి మనిషి. ఈ గడియారంతో రాసిన చిట్టీలన్నీ ఆ పూటే రద్దు చేయించారు, యాదగిరి లారీ యజమాని సేటుకు తనే ఫోను చేశారు. "మేనేజరుగారికి రాయాలి. తప్పు ఎలా జరిగిందో చూపించాలంటే గడియారం కాగితంతో పాటు వెళ్ళాలి. ఇప్పుడు అమ్మడానికి నాకు అధికారం లేదమ్మగారూ" అంటూ నా డబ్బు నాకిచ్చేశారు.

"తర్వాత?"

"తర్వాత మా డిస్పెన్సరీ డాక్టరుగారు చూస్తారు. చూశాక వదులుతారా?"

వదలరు. నేనైతే వదలను. ఒక్క నిమిషం అడిగి తీసుకుని, నా నాడి నేనే చూసుకున్నాను. తొంభై ఆరు. తర్వాత దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, లక్కతో ముద్ర వేశారు. లక్క వాసన గదంతా నిండింది. మళ్ళీ ఒక రోగి చేతి పక్కన అది ఆడబోతోంది. నా పెట్టెలో ఉంటే ఆడేది కాదు కదా అనుకున్నాను. కొంత నిజమే. కొంత, ఏదో ఒకటి అనుకోవాలి గనుక.

లింగంపల్లి రోడ్డు

బస్సుకు బయల్దేరుతుంటే లారీ వచ్చి ముందు ఆగింది. "ఎక్కవ్వా. ఖాళీ బండే, లింగంపల్లి టేషన్ల దింపుత. గాడ బండెక్కితే సికింద్రాబాద్ల నీ పెద్ద రైలు అందుతది" అన్నాడు యాదగిరి. ప్రసాదూ మొగులయ్యా చెరో చెయ్యీ పట్టి ఎక్కించారు. సీటు మీద కొత్త తువ్వాలు పరిచి ఉంది.

బండి కదిలింది. కాసేపటికి ఒక బస్సు మమ్మల్ని దాటింది. తర్వాత ఒక ట్రాక్టరు. తర్వాత పాల బిందెలు కట్టుకున్న సైకిలు.

"కొంచెం జోరు పెంచవచ్చు నాయనా."

"లేదవ్వా. నువ్వు కూసున్నవ్. ముప్పై దాట."

"ఇది కంపెనీ రోడ్డు కాదు."

"నీ మాట మీద నా పాసు నిలవడ్డది. నీ ముంగటనే ఎట్ల దాటుత?" అన్నాడు. గేరు మార్చి, "అవ్వా, గడియారం లేకుండ నాడి సూడొస్తదా?" అని అడిగాడు. వాళ్ళమ్మకు రాత్రిళ్ళు గుండె దడగా ఉంటుందట. మణికట్టులో బొటనవేలి వైపు మూడు వేళ్ళు ఎలా ఆనించాలో, తన బొటనవేలు ఎందుకు పెట్టకూడదో చెప్పాను. ఎడమచెయ్యి స్టీరింగు మీద ఉంచి, కుడిచేతి వేళ్ళతో ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. "దొరికింది!" అని అరిచాడు. రోడ్డు చూడమన్నాను. అమ్మను దవాఖానకు తీసుకెళ్ళమని, అక్కడ గుండె దడ అని స్పష్టంగా చెప్పమని, వేరే మాట వాడవద్దని గట్టిగా చెప్పాను.

మేము స్టేషను చేరేసరికి రైలు కదిలిపోయింది. దాని వెనక డబ్బా కనిపించింది. యాదగిరి తల పట్టుకున్నాడు. "పరేషాన్ గాకవ్వా, రేపు పొద్దుగాల్ల నేనే మళ్ళ తోల్కొస్త."

"రేపు బస్సులో వస్తాను నాయనా" అన్నాను.

గురువారం బస్సులోనే వచ్చి రైలెక్కాను. తెనాలిలో ప్లాట్‌ఫారం మీద సుభద్ర నిలబడి ఉంది. దొరికిందా వదినా అంది. ఉంది అన్నాను. అలాంటి గడియారం నిజంగా ఉంది. ఒకటి ఉందంటే, ఎక్కడో ఇంకొకటి ఉంటుంది.

ఈ ప్రయాణంలో పోయినవి: నల్లగొడుగు ఒకటి, సంగారెడ్డిలో బల్ల కింద. పగలు ఒకటి, వాపుల వరుసలో. రైలు ఒకటి, లింగంపల్లిలో. నాడి గడియారం ఒకటి, కంపెనీ గేటు గదిలో. ఉద్యోగం మాత్రం ఒక్కటీ పోలేదు.